మిద్దె దంతెల్లోని సరిగమలు

ప్రొద్దుటూరు దసరాను రెండో మైసూరంటారు. అమ్మవారిశాల అలంకారాలు, రాత్రి మెరవణి చూడ్డానికి పక్క జిల్లాల నుంచి కూడా జనం దిగుతారు. మా ఇంట్లో మాత్రం 1991 దసరా అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒక రేకు బొమ్మ. అట్టపలక మీద ఎనిమిది రంగుల రేకు పట్టీలు, వాటిని కొట్టడానికి రెండు ప్లాస్టిక్ పుల్లలు. ఇంగ్లీషు అక్షరాల చార్టులో 'ఎక్స్' గడిలో ఉంటుందే, ఆ జైలోఫోన్. మా చెల్లెలు అప్పుడు ఒకటో తరగతి. ఆ పేరు నోరు తిరగక 'టింటిం పెట్టె' అనేది. తోపుడుబండి ముందు రోడ్డు మీదే చతికిలబడి ఏడ్చి మరీ సాధించుకుంది.

పండగ అయిన మర్నాడు మా చిన్నాయన వచ్చాడు. పగలు బట్టలకొట్లో గుమాస్తా, రాత్రి హార్మోనిస్టు. పద్య నాటకాలకూ భజనలకూ ఊళ్ళు తిరిగి వాయించేవాడు. పాప ఆ బొమ్మ మీద ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటూ పోతుంటే కాసేపు మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. తర్వాత పుల్లలు తీసుకుని తనే ఒక్కో పట్టీ మీద మెల్లగా కొట్టి చూశాడు.

"ఏందన్నా ఇది? స పక్కన గ ఉండాది, దాని పక్కన ఏదో తెలీని కూత. ఇది వింటా పెరిగితే పిల్ల చెవు చెడిపోతాది."

"ఆడుకునే బొమ్మకు శ్రుతేందిరా?" అన్నాడు నాయన.

"పిల్లకు గాక ఎవురికి కావాలన్నా శ్రుతి? మన చెవులు ఎట్లా బండబారిపోయినాయి గదా!"

ఆ మాట నాయనకు తగిలినట్టుంది. బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. పట్టీలను రెండు కొసల్లోనూ రివిట్లు కొట్టి బిగించేశారు. "కొసలు పట్టేసుకుంటే అది యాడ మోగుతాది, పాపం" అన్నాడు. అంతే. తను చేస్తానని గానీ చెయ్యనని గానీ చెప్పలేదు.

నాయనది వడ్ల పని, అంటే వడ్రంగం. కొర్రపాడు రోడ్డులో రేకుల షెడ్డు. తలుపులు, కిటికీలు, మంచాలు సరే, చుట్టుపక్కల పల్లెల నుంచి చెక్కభజన బృందాలవాళ్ళు చెక్కలు చేయించుకోవడానికి ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. చెక్కభజన చూడనివాళ్ళ కోసం చెబుతున్నా: చేతిలో జత చెక్కలు, వాటికి గలగలమనే లోహపు బిళ్ళలు, గజ్జెలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేస్తూ పాడతారు. చెక్క పలకకపోతే ఆట తేలిపోతుంది. అందుకని నాయన ప్రతి కట్టెనూ ముందు చెవితో చూసేవాడు. ముక్కను రెండు వేళ్ళ మధ్య వదులుగా వేలాడదీసి, ఇంకో చేత్తో మెటికతో కొట్టేవాడు. పచ్చి కట్టె 'దబ్' అంటుంది. చేవదేరి ఎండిన కట్టె 'టంగ్' అని కాసేపు నిలబడుతుంది. పలకనిది మంచంకోళ్ళకు పోయేది. బేరం ఎంతదైనా సరే, పలకని కట్టెతో చెక్కలు చేసివ్వడం ఆయన జన్మలో లేదు.

ఆ ఏడే జమ్మలమడుగు దగ్గర మా పాత ఊళ్ళో మిద్దె పడగొట్టారు. వానకు కారుతోందని, దాని జాగాలో స్లాబు వేద్దామని చిన్నాయన పట్టుబట్టాడు. మట్టి తోడేశాక లోపలి నుంచి దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే దంతెలు దిగాయి. జేజి (మా నాయనమ్మ) కట్టెల పొయ్యి పొగ తాగీ తాగీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. దూలాలు కొనడానికి మనుషులొచ్చారు గానీ దంతెలు సన్నవని పెద్దగా ఎవరూ అడగలేదు. నాయన ఒకదాన్ని గోడకు ఆనించి ఉలి వెనకతో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. చిన్నాయన వైపు చూశాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. సాయంత్రం ఆ దంతెలు ఎద్దులబండిలో ప్రొద్దుటూరు చేరాయి.

అవి యేగిస కట్టె. పెద్దయ్యాక చదివి తెలుసుకున్న సంగతేమంటే, యేగిసా, మన కడప కొండల్లో పెరిగే ఎర్రచందనమూ ఒకే కుదురు చెట్లు. విదేశాల్లో జైలోఫోన్ పట్టీలకు వాడే ఆఫ్రికా పడౌక్ కూడా ఆ కుదురుదే. ఎర్రచందనంతో జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం చేస్తారు. మనం ఆ చెట్టు మీద చెయ్యి వేస్తే కేసు గానీ, దాని చుట్టం యేగిస మాత్రం మన పల్లెల్లో వాకిళ్ళకూ దంతెలకూ వచ్చి ఊరుకుంది. నాయనకు ఈ కులగోత్రాలేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా మెటికే. జేజి లెక్క ఇంకొకటి: ఆ కట్టె పేళ్ళన్నీ ఏరి చెంబులో వేసుకుని పొద్దున్నే ఆ నీళ్ళు తాగేది, చక్కెర జబ్బుకు మంచిదని. జబ్బు సంగతేమో గానీ షెడ్డులో పేళ్ళు ఎవరు ఊడ్చినా ఊరుకునేది కాదు.

కట్టె దొరికినా నాయనకు ఒక అనుమానం. మోగడం వేరు, స్వరం పలకడం వేరు గదా. చిన్నాయన దగ్గర దానికి జవాబుంది. "పెన్నకు ఎగువన తాడిపత్రిలో, బుగ్గ రామలింగేశ్వరుని గుళ్ళో రాతి కంబాలే సరిగమలు పలుకుతాయంటారు గదన్నా. రాయి పలికితే కట్టె పలకదా?" వాదన గట్టిదేమీ కాదు. అయినా నాయన రంపం తీశాడు.

మొదటి ముక్క అడుగు పొడుగు, ముప్పావు అంగుళం మందం. దాన్ని 'స' అనుకున్నారు. పై షడ్జానికి, అంటే పై స కి, ఎంత కోయాలి? చిన్నాయన తడుముకోకుండా "సగం" అన్నాడు. వీణ తంతినైనా ఏకతార తీగనైనా సరిగ్గా సగంలో నొక్కితే పై స పలుకుతుంది, అది ఆయన వేళ్ళకు తెలిసిన నిజం. నాయన ఆరంగుళాలకు కోసిచ్చాడు. కొడితే అది పై స దాటి, ఆ పై స దగ్గరికి పోయి కూర్చుంది. చిన్నాయన హార్మోనియం చివరి మెట్ల దాకా వెతుక్కుంటూ పోయాడు. నాయన పగలబడి నవ్వడం నేను చూసింది తక్కువ. అందులో అదొకటి.

కారణం నాకు ఇంజనీరింగులో గానీ బోధపడలేదు. తీగ స్వరం పొడుగును బట్టి మారుతుంది, సగమైతే రెట్టింపు. కట్టె పట్టీ అట్లా కాదు, అది వంగి ఊగుతుంది. పొడుగు వర్గాన్ని బట్టి మారుతుంది. సగానికి కోస్తే నాలుగు రెట్లు, అంటే రెండు స్థాయిలు ఎక్కుతుంది. ఒక్క స్థాయి ఎక్కాలంటే అడుగు ముక్కకు ఎనిమిదిన్నర అంగుళాలు కావాలి. నాయన ఈ లెక్కేమీ లేకుండానే కొంచెం కొంచెం కోసుకుంటూ ఆ ఎనిమిదిన్నర దగ్గరికే వచ్చి ఆగాడు. ప కి పదికి కాస్త తక్కువ. మ కి పదీ చిల్లర. ఇంకో సంగతి ఆయనే కనిపెట్టి మాకు చూపించాడు: పట్టీని వెడల్పులో ఎంత సన్నం చేసినా స్వరం మారదు, మందం తగ్గిస్తేనే మారుతుంది. చిన్నాయన నమ్మలేదు. అదే ముక్కను పొడుగునా చీల్చి రెండూ వాయించి వినిపించాక నమ్మాడు.

ఇక ఎక్కడ ఆనించాలి? ఆ రేకు బొమ్మలాగా కొసల్లో బిగిస్తే నోరు నొక్కేసినట్టే. వేళ్ళ మధ్య పట్టుకుని జరుపుతూ పోతే ఒక చోట శబ్దం నిండుగా వస్తుందని నాయనకు తెలుసు. కానీ ఆ చోటు గీత గీసినంత కచ్చితంగా కావాలి. నన్ను పెన్న ఇసుక తెమ్మన్నాడు. అమ్మ పిండి జల్లెడ అడక్కుండానే తీసుకుని దాంతో జల్లించాడు (దానికి తర్వాత వేరే కచేరీ జరిగింది). రెండు ట్యూబు ముక్కల మీద పట్టీని పెట్టి, పైన ఇసుక పలచగా చల్లి, నడిమిలో మెటికతో టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. రేణువులు ఎగిరాయి. కొసల దగ్గరివి లోపలికి, నడిమివి బయటికి, చీమలబారుల్లాగా కదిలాయి. కాసేపటికి పట్టీ మీద అడ్డంగా రెండు ఇసుక గీతలు తేలాయి. మిగతా కట్టె అంతా శుభ్రంగా ఉంది. పాప ఊదేసింది. మళ్ళీ చల్లి కొట్టాడు. మళ్ళీ అక్కడే వచ్చి నిలబడ్డాయి.

కట్టె అంతా ఊగుతున్నా ఆ రెండు చోట్ల ఊగదు. అందుకే ఇసుక అక్కడ చేరుతుంది, పట్టుకోవలసిందీ అక్కడే. నాయన మడత స్కేలు వేసి చూసి, "పొడుగును తొమ్మిది పాళ్ళు చెయ్. ఈ కొస నుంచి రెండు పాళ్ళు, ఆ కొస నుంచి రెండు పాళ్ళు" అన్నాడు. పుస్తకాల్లో ఆ చోటు నూటికి 22.4 అని ఉంటుంది. తొమ్మిదింట రెండంటే 22.2. ఆయన పెన్సిలు గీత మందంలో ఆ తేడా కలిసిపోతుంది.

శ్రుతి చెయ్యడం మాత్రం రాత్రిళ్ళే. పక్క షెడ్డులో మిషను ఆగాక, రోడ్డు మీద లారీలు తగ్గాక కూర్చునేవాళ్ళు. చిన్నాయన హార్మోనియం మెట్టు నొక్కి పట్టుకుంటాడు, నాయన పట్టీ కొడతాడు. "దిగువ ఉండాది." ఆకురాయితో కొస రాస్తాడు. "ఇంగా." ఉప్పుకాగితం. "ఇంగ రోంత... ఆఁ, ఎక్కిపోయింది." కొసలు అరిగితే స్వరం ఎక్కుతుంది. మరీ ఎక్కితే పట్టీని బోర్లించి, కింద నడుమ గీకితే దిగుతుంది. నడుము పలచనై ఊగడం నెమ్మదిస్తుంది గదా. గీకిన కాసేపు కట్టె వేడిగా ఉంటుంది, అప్పుడు స్వరం నమ్మడానికి లేదు. ఆరనిచ్చి మళ్ళీ వినాలి. ఆ ఆరే సమయంలోనే బీడీలు, ఊరి కబుర్లు, స్లాబు ఖర్చుల మీద అన్నదమ్ముల గొడవలు అన్నీ నడిచేవి. నేను లాంతరు పట్టుకునేవాణ్ణి. పాప ఎప్పుడో నిద్రపోయేది.

గ దగ్గర ఇద్దరికీ చుక్కెదురైంది. నాయన దాన్ని హార్మోనియానికి అతికేట్టు చేసి ఇచ్చాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. హార్మోనియం మూసేసి, స పట్టీ మోగించి, కళ్ళు మూసుకుని గ తనే పాడాడు. "హార్మోనియం పెట్టె గ ఎప్పుడూ కాస్త ఎక్కువేనన్నా. కట్టెకు ఆ కర్మ ఎందుకు? దించు." హార్మోనిస్టే హార్మోనియాన్ని తీసిపారేయడం నాకప్పుడు వింతగా తోచింది. హార్మోనియం మన సంగీతానికి నప్పదని ఆకాశవాణి దాన్ని 1940లో నిషేధించిందనీ, 1971లో గానీ సడలించలేదనీ తర్వాత చదివినప్పుడు చిన్నాయన మొహమే గుర్తొచ్చింది. దాంతోనే తిండి తిన్నాడు, దాని తప్పులూ ఎరిగే ఉన్నాడు.

చట్రం సంగతి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఒక వైపు వెడల్పు, ఇంకో వైపు సన్నం, కింద పలచటి పెట్టె. పట్టీల కింద సైకిల్ ట్యూబు చీలికలు. ఒక కొస దగ్గర బెజ్జంలోంచి వదులుగా మేకు, ఇంకో కొస రెండు మేకుల మధ్య. ఏదీ బిగించలేదు, ఏ పట్టీకాపట్టీ పైకి లేపేయొచ్చు. పుల్లలు వెదురువి. చివర ట్యూబు రబ్బరు చుట్టి దారంతో కట్టాడు. ఉట్టి కట్టె ఉండతో కొడితే గోల, మరీ మెత్తటి గుడ్డయితే గొంతు పెగలదు. రబ్బరు సరిపోయింది. రంగులు వెయ్యలేదు, రంగు పూస్తే స్వరం మారుతుందని. ఆముదం రాసి వదిలేశాడు. పొగనలుపు పోయి లోపలి ఎరుపు బయటపడింది.

పాపకు ఇచ్చే ముందు చిన్నాయన ఒక పని చేశాడు. మ, ని పట్టీలు లేపి జేబులో వేసుకున్నాడు. మిగిలినవి స రి గ ప ద, మళ్ళీ స. మోహన. "ఇప్పుడు ఎక్కడ కొట్టినా అపస్వరం రాదు. కొట్టుకో పో మా" అన్నాడు. నిజంగానే రాలేదు. పాప రెండు చేతులా ఎట్లా పడితే అట్లా బాదుతోంటే అది పాటలాగానే వినిపించింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగిచూశారు. జర్మన్ సంగీతకర్త కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం సరిగ్గా ఇట్లాగే పట్టీలు తీసేయడానికి వీలుండే జైలోఫోన్లు చేయించాడనీ, ఐదు స్వరాలతోనే మొదలుపెట్టించేవాడనీ నేను ఈమధ్యే తెలుసుకున్నా. చిన్నాయనకు ఓర్ఫ్ ఎవరో తెలియదు. భజనలో రాగం తప్పేవాళ్ళకు పట్టివ్వదగ్గ రాగం మోహన అని మాత్రం తెలుసు.

పాప మాత్రం సంతోషించలేదు. ఆమె కళ్ళు ఆ రెండు ఖాళీల మీదే. అప్పటికి తనకు ముందు పళ్ళు రెండు ఊడి ఉన్నాయి. "నా పెట్టెకూ పళ్ళు ఊడిపోయినాయా?" అని అడిగింది. వస్తాయని చిన్నాయన చెప్పాడు. ఆమె దాన్ని అక్షరాలా పట్టుకుని రోజూ పొద్దున్నే వెళ్ళి ఖాళీలు తడిమి చూసేది. మొదట ని ఇచ్చాడు, చాన్నాళ్ళకు మ. అప్పటికి ఐదింటి మీద తనకు తోచిన పాటలన్నీ వెతుక్కుని పట్టేసింది. బడి ప్రార్థన, చెక్కభజన పాటల్లో పల్లవులు, ఐస్‌బండి వాడి గంట వరస కూడా. రేకు బొమ్మ ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు.

మా వీధిలో ఒక టీచరమ్మ దగ్గర సంగీతానికి చేర్పించాక కొత్త చిక్కొచ్చింది. అక్కడ మొదటి పాఠాలు, సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగంలో. పురందరదాసు పెట్టిన పద్ధతి అది. ఇంట్లో పెట్టెదేమో శంకరాభరణం. పాప వచ్చి 'రి తప్పు, ద తప్పు' అని ఏడుపు. చిన్నాయన నాయనకు కబురు పెట్టాడు, ఇంకో రెండు పట్టీలు కావాలని. రెండు రాగాలకూ తేడా ఆ రి, ద ల్లోనే గదా, తక్కినవన్నీ ఒకటే. నాయన మిగిలిన దంతె ముక్కల్లోంచి రెండు కోసిచ్చాడు. పాతవాటికన్నా అర అంగుళం లోపు పొడుగు. పొద్దున సాధకానికి అవి పెట్టుకునేది, సాయంత్రం ఆటకు పాతవి పెట్టుకునేది. రాగం మార్చడమంటే చెక్కలు మార్చడమేనని చాలాకాలం అనుకుందట. ఆ అనుకోవడంలో తప్పేమీ కనిపించదు నాకు.

చెల్లెలు పెద్ద విద్వాంసురాలేమీ కాలేదు. బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం. కానీ ఎక్కడైనా మైకులో పాట వినబడితే సగం చరణంలో "శ్రుతి జారింది" అంటుంది, ఆ పాడేవాళ్ళు మన చుట్టాలైనా సరే. పెళ్ళిళ్ళలో ఆమె పక్కన కూర్చోవడం కష్టం. పెట్టె ఆమెతోనే బెంగళూరు పోయింది. చిన్నాయన ఇప్పుడు లేడు. నాయనకు వినికిడి తగ్గింది గానీ, నా ఇంటికి కొత్త తలుపు పెట్టించినప్పుడు మెటికతో కొట్టి, అరచెయ్యి చెక్కకు ఆనించి "మోగుతాందిలే" అన్నాడు. చెవి పోయినా చెయ్యి వింటోందన్నమాట.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు ఫోనులో శ్రుతి చూసే యాప్ వేసుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. స, ప, మ దాదాపు సరిపోయాయి. గ దగ్గర ముల్లు ఎడమకు పడింది.

"అమ్మా, తాత వాళ్ళు గ తప్పు చేశారు."

"తప్పు నీ ఫోన్‌ది" అంది మా చెల్లెలు, చపాతీలు ఒత్తుతూ తలెత్తకుండా.

ముప్పై ఏళ్ళకు పైగా అయింది, కట్టె కదిలి ఉండొచ్చు. కానీ ఆ ముల్లు పడింది చిన్నాయన దించమన్న వైపుకే. నేను వాడికి హార్మోనియం గొడవంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, తాత పాడిన గ రికార్డింగు ఉందా అని అడిగాడు. లేదు.

వాడికీ ఇప్పుడు సంగీతం క్లాసులు. చెల్లెలు ఫోన్ చేసి ఆ రెండు పట్టీలు, మాయామాళవగౌళ రి, ద, ప్రొద్దుటూరు ఇంట్లోనే ఉండిపోయాయి, పంపమంది. ఒకటి నాయన పెన్సిళ్ళ డబ్బాలో దొరికింది. ఇంకోదాన్ని అమ్మ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. రెండూ తుడిచి, ఆముదం రాసి, వార్తాపత్రికలో చుట్టి బస్టాండులో పార్సిల్ కౌంటరుకు తీసుకుపోయాను. లోపలేముందంటే కట్టె ముక్కలన్నాను. కౌంటరులో అబ్బాయి కాగితం కొస విప్పి, ఎర్రగా కనబడేసరికి నా మొహంలోకి చూశాడు.

"ఎర్రచందనం కాదు గదా సార్?"